ఎవరి కోసమని అడిగితే చెప్పలేదు

నాలుగు మాటలు. పద్దెనిమిదేళ్ళ కింద నేనే రాసినవి. పెద్ద మాటలేమీ కావు, బడి పిల్లవాడు కూడా తప్పు లేకుండా రాయగలిగినవి. వాటిని మోస్తూనే పెళ్ళి చేసుకున్నాను. ఇల్లు కట్టుకున్నాను. ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్నాను. నా భార్యకు ఇప్పటికీ తెలియదు. ఆమెతో చెప్పాలని ఎన్నోసార్లు నోరు తెరిచాను. తీరా తెరిచాక ఆ నోట్లోంచి బియ్యం సంగతో, వాన సంగతో వచ్చేది. మీరెవరో నాకు తెలియదు. నా ముఖం మీకు తెలియదు. అందుకే మీతో అయితే చివరిదాకా చెప్పగలనేమో అనిపిస్తోంది.

పోయిన నెల వనపర్తిలో ఒక హాలులో, ఆ నాలుగు మాటలను నాకే చదివి వినిపించారు. అప్పటినుంచి నేను నేనుగా లేను. ఆ సంగతికి వస్తాను. ముందు నేను ఎలాంటివాణ్ణో మీకు తెలియాలి.

మాది తెలకపల్లి దగ్గర ఒక చిన్న ఊరు. వానను నమ్ముకున్న చెలక, వేరుశనగ, ఆముదాలు. నా చదువు పదో తరగతితో ఆగింది. ఆగింది బడి మాత్రమే. రోజు విడిచి రోజు సైకిలు మీద నాగర్‌కర్నూల్ గ్రంథాలయానికి పోయేవాణ్ణి. తలుపులు తీయకముందే మెట్ల మీద కూర్చునేవాణ్ణి. చరిత్ర, అర్థశాస్త్రం, ఎక్కడో ఆఫ్రికాలో కరువులు, ఇంకెక్కడో భూమి కోసం తిరుగుబాట్లు. అర్థమైనా కాకపోయినా చదివాను. అసమానత అనే మాట నాకు అక్కడే దొరికింది. మా ఊళ్ళో అసమానత ఉంది, దానికి ఆ పేరు లేదు. ఆ పేరు దొరికిన రోజు సైకిలు తొక్కుతూ దాన్ని పైకి అనుకుంటూ వచ్చాను. మా ఊళ్ళో ఈ మాట తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను. ఆ గర్వమే నా చేత ఈ పని చేయించింది. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది.

అప్పట్లో ఇదంతా ఒకటే పాలమూరు జిల్లా. నల్లమలలో తుపాకులు పట్టుకుని తిరిగే అన్నల కదలిక తగ్గిందని పత్రికలు రాస్తున్న కాలం. విదేశాల డబ్బుతో నడిచే ఒక సంస్థ అడవి అంచు ఊళ్ళలో సర్వే మొదలుపెట్టింది. స్థానికంగా చదవడం రాయడం వచ్చినవాళ్ళు కావాలన్నారు. హైదరాబాదు నుంచి వచ్చిన అధికారి నన్ను ఒకటే అడిగాడు, "పిల్లలు తుపాకీ వైపు ఎందుకు పోతారంటావు?" అని. "ఆకలి ఒక్కటే కాదు సార్, అవమానం కూడా" అన్నాను. ఎక్కడో చదివిందే. ఆయన కలం కింద పెట్టి నా వైపు చూశాడు. ఉద్యోగం ఇచ్చాడు.

వాళ్ళ ఆలోచన చెప్పడానికి తేలిక. లేమి ఉన్న చోట కోపం పుడుతుంది. కోపం ముదిరితే ఆయుధం అవుతుంది. నీళ్ళు, బడి, వైద్యం, పని అందిస్తే ఆయుధం దానంతటదే జారిపోతుంది. ప్రపంచమంతా అభివృద్ధి పేరుతో ఖర్చు పెట్టే డబ్బు ఈ పని కూడా చేయాలి. నేను నమ్మాను. ఇప్పటికీ కొంత నమ్ముతాను. ఆ ఆలోచన అబద్ధం కాదు. అబద్ధం నా దగ్గర ఉంది.

ఫారంలో మొదటి పేజీలన్నీ నీళ్ళు, రేషను, రోడ్డు, కాన్పులు. చివరి పేజీలో ఒకే ప్రశ్న. ఈ ఊరి యువత హింసామార్గం వైపు మొగ్గే ప్రమాదం ఎంత? తక్కువ, మధ్యస్థం, ఎక్కువ. దాని కింద సగం పేజీ ఖాళీ. ఒక మనిషి కథ రాయాలి. పేరు, ఊరు తప్పనిసరి. పేర్లు బయటికి పోవని మాకు చెప్పారు.

మొదట మూడు ఊళ్ళకు ఉన్నది ఉన్నట్టు రాశాను. ప్రమాదం తక్కువ. మూడూ వెనక్కి వచ్చాయి. లేమి ఉన్నది గాని ప్రమాదం లేదు కనుక ఎంపిక కాలేదట. దాహమైతే చాలదు, దాహంతో ఉన్నవాడు భయపెట్టాలి కూడా. అప్పుడే ఎందుకు మానేయలేదు? ఈ ప్రశ్న వేసుకోని రోజు లేదు. మానేసి ఉంటే మళ్ళీ చెలకలో గుంటక తోలుకునేవాణ్ణి. ఈ ఉద్యోగం వచ్చాక గ్రంథాలయంలో నన్ను చూసి లేచి కుర్చీ జరిపే ఇద్దరు ముగ్గురు మళ్ళీ జరపరు. అంతే. అంత చిన్నది కారణం.

నాలుగోది ఒక పెంట. అడవిలో చెంచుల గూడేన్ని పెంట అంటారు. పదమూడు గుడిసెలు. ఆడవాళ్ళు గుట్ట దిగి, వాగు ఇసుకలో చెలిమె తోడి, చిప్పతో కడవ నింపుకుని మళ్ళీ ఎక్కేవాళ్ళు. ఈదయ్య అక్కడి మనిషే. తేనె కోసేవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. భార్య బాలమ్మ. ఆమె తమ్ముడు మల్లయ్య.

తేనె కోసేటప్పుడు ఈదయ్య నన్ను వెంట తీసుకుపోయాడు. నిలువు కొండ. తాడు కట్టుకుని కిందికి దిగాలి. పైన తాడు పట్టేది బావమరిదే. మరొకరు పట్టకూడదు. తన అక్క పసుపుకుంకుమలు ఆ తాడులో ఉంటాయి కనుక వాడు విడవడు. అది వాళ్ళ పద్ధతి.

మల్లయ్య తాడు నడుముకు చుట్టుకుని, బావకు వినబడేటట్టు నాతో అన్నాడు. "మా అక్క ముఖం చూసి పట్టుకుంటున్న సారూ. ఈయన ముఖం చూస్తే ఎప్పుడో ఇడిసిపెడుదు."

కింద నుంచి ఈదయ్య గొంతు వచ్చింది. "ఇడువురా. మీ అక్కను నువ్వే సాదుదువు గని."

పైకి వచ్చాక ఈదయ్య తేనెపట్టులో ఒక ముక్క కోశాడు. మూటలోంచి జొన్నరొట్టె తీశాడు. రెండూ మోదుగాకులో పెట్టి, పక్కన ఉన్న పలక బండ మీద ఉంచాడు. నేను నోటుబుక్కు తీశాను.

"ఎవరి కోసమన్నా?"

"మా అయ్యకు. ఈన్నుంచే జారిండు. ఆ దినం తాడు పట్టింది బావమర్ది గాదు, పక్కోడు. తేనె కోసిన దినం ఆయన పాలు ఆయనకు పెట్టాలె. లేకుంటే అలుగుతడు."

"తింటాడా?"

"అయ్య పేరు చెప్పి పెడ్త. ఎలుగ్గొడ్డు వచ్చి తింటది. ఇద్దర్ల ఎవ్వరికి కోపం రాదు." అని నవ్వాడు. మల్లయ్య కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే రాసుకున్నాను, ఒక్క మాట పోకుండా.

ఇంటికి వచ్చి ఫారం ముందు పెట్టుకున్నాను. ప్రమాదం ఎక్కువ అనే గడిలో టిక్కు పెట్టాను. కింద ఇలా రాశాను. ఈదయ్య అనే తేనె కోసే మనిషి అడవి లోపల ఒక బండ మీద రొట్టె, తేనె పెట్టి వస్తాడు. ఎవరి కోసమని అడిగితే చెప్పలేదు.

చూడండి, ఎక్కడా అన్నలు అనలేదు. తుపాకీ అనలేదు. మొదటి వాక్యం పూర్తిగా నిజం. రెండో వాక్యం చదువరిని అడవిలోకి పంపి అక్కడ వదిలేస్తుంది. మిగతాది చదువరే ఊహించుకుంటాడు. మంచి రచన అంటే చెప్పకుండా చెప్పడమని నేను పుస్తకాల్లో నేర్చుకున్నాను. ఆ వాక్యాన్ని రెండుసార్లు పైకి చదువుకుని తృప్తి పడ్డాను. నీళ్ళ కోసం రాశానా? అవును. నీళ్ళ కోసమేనా? ఆ 'ఏ' దగ్గర ప్రతిసారీ ఆగిపోతాను. నీళ్ళ కోసమే అయితే ఆ వాక్యాన్ని అంత అందంగా రాయవలసిన పని లేదు కదా.

పెంట ఎంపికైంది. బోరు పడింది. గుట్ట మీదే ట్యాంకు కట్టారు. మొదటిరోజు బాలమ్మ కుళాయి కింద చెయ్యి పెట్టి, చాలాసేపు తీయలేదు. నేను చేసింది మంచే అనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

నాలుగు నెలల తరువాత ఈదయ్యను తీసుకుపోయారు. ఏ బండిలో వచ్చారో, ఎక్కడికి తీసుకుపోయారో పెంటలో ఎవరికీ తెలియదు. పదకొండు రోజులకు అడవి అంచున దించిపోయారు. కుడి భుజం లేవడం లేదు. వార్త విని పోయాను. నన్ను చూసి లేచి కూర్చోబోయాడు. బాలమ్మ వీపుకు చెయ్యి ఆనించి పట్టుకుంది.

"ఒకాయన కాయితం చూస్కుంట అడిగిండు సారూ" అన్నాడు ఈదయ్య. "బండ మీద రొట్టె ఎవలకు పెడుతవ్ అని. మా అయ్యకన్న. సచ్చినోడు రొట్టె తింటడా అని కొట్టిండ్రు. లేదు, ఎలుగు తింటదన్న. ఇంక కొట్టిండ్రు. నేను నవ్వులాటకంటున్న అనుకున్నరు."

ఆ కాగితం నా చేతిలోంచి ఎన్ని చేతులు మారి అక్కడికి చేరిందో నాకు ఈనాటికీ తెలియదు. ఏ పుస్తకంలోనూ ఇది లేదు. రాసిన వాక్యం తిరిగి వచ్చి మనిషి భుజం విరుస్తుందని ఎక్కడా చదవలేదు.

"నువ్వు సదువుకున్నోనివి" అన్నాడు. "ఆ కాయితం ఎవలు రాసిండ్రో జర కనుక్కో సారూ. వాణ్ణేమన. ఎందుకు రాసినవని అడుగుత, అంతే."

"కనుక్కుంటనన్నా" అన్నాను.

అదీ నా రెండో అబద్ధం. మొదటిదానికి నీళ్ళ సాకు ఉంది. దీనికి ఏ సాకూ లేదు. బాలమ్మ నాకు ఆ కుళాయి నీళ్ళే చెంబుతో ఇచ్చింది. తాగాను.

భుజం లేవని మనిషి తాడు మీద దిగలేడు. ఈదయ్య మళ్ళీ తేనె కోయలేదు. మల్లయ్యకు తాడు పట్టే పని లేకుండా పోయింది. బావను దించిపోయిన చోటుకు పోయి కూర్చునేవాడట, రోజూ. వానలు మొదలైన ఒక రోజు అక్కడినుంచి తిరిగి రాలేదు. అన్నల్లో కలిశాడని తరువాత తెలిసింది. అంతకు ముందు ఆ పెంట నుంచి ఒక్కరూ పోలేదు. ఒక్కరూ. మూడేళ్ళకు పత్రికలో లోపలి పేజీలో, ఎదురుకాల్పుల్లో ఒకరి మృతి అని చిన్న వార్త వచ్చింది. నేను గ్రంథాలయంలోనే చదివాను. పేరు కూడా తప్పుగా వేశారు. అది మల్లయ్యేనని నాకు మాత్రం తెలిసింది.

ఇక్కడ మీరు నన్ను అసహ్యించుకోవచ్చు. సంస్థ రెండో నివేదికలో మల్లయ్య సంగతి వచ్చింది. ఆ పెంట విషయంలో మొదటి అంచనా సరైనదేనని రుజువైందని రాశారు. నా పరిశీలన శక్తిని మెచ్చుకున్నారు. నన్ను ఆరు మండలాలకు సమన్వయకర్తను చేశారు. నేను కాదనలేదు. నేను రాసేనాటికి అబద్ధమైన మాట, నేను రాయడం వల్లనే నిజమైంది. ఆ నియామక కాగితం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో గుర్తు లేదు. తరువాత సంతకం చేశాను.

ఏడాదికి రెండుసార్లైనా పెంటకు పోయేవాణ్ణి. ఎందుకు పోయేవాణ్ణి? నాకే తెలియదు. దూరంగా ఉంటే అనుమానిస్తారనా? దగ్గరుంటే తగ్గుతుందనా? పోయినప్పుడల్లా ఈదయ్య పలకరింపు ఒకటే. "దొరికిండా సారూ?" లేదన్నా అనేవాణ్ణి. కొన్నేళ్ళకు అది వాళ్ళింట్లో నాకు కుశలప్రశ్న అయిపోయింది. మూడేళ్ళ కింద ఈదయ్య ఊపిరి ఆడక దవాఖానలో ఉన్నప్పుడు, కాగితాలన్నీ నేనే నింపాను. తెచ్చినవారి సంబంధం అనే చోట స్నేహితుడు అని రాశాను. అక్కడున్న నర్సుతో ఈదయ్య చెప్పాడు, "మా సారు, నాకోసం ఎంత తిరిగిండో" అని. తెల్లవారి చనిపోయాడు. ఆఖరి రోజు మాత్రం అడగలేదు. అడగకపోవడం ఎందుకో, అది నేను ఇంతవరకు తేల్చుకోలేకపోయాను.

ఇక వనపర్తి. గట్టు మండలం వైపు ఊళ్ళలో కొత్త సర్వే. నీళ్ళు లేక, పని లేక వలసపోయే ఊళ్ళు. యువత తప్పుదారి పట్టకుండా చూడాలని మళ్ళీ అదే ఆలోచన, వేరే సంస్థ, వేరే డబ్బు. సర్వే చేసే యువతీయువకులకు రెండు రోజుల శిక్షణ. అనుభవం ఉన్నవాడినని నన్ను పిలిచారు. అందరికీ ఒక చిన్న పుస్తకం పంచారు. మనిషి కథ ఎలా రాయాలో నేర్పడానికి అందులో ఒక నమూనా ఉంది. శిక్షకుడు చదవడం మొదలుపెట్టాడు. ఒక తేనె కోసే మనిషి అడవి లోపల ఒక బండ మీద.

పేరు తీసేశారు. ఊరు తీసేశారు. మిగతాది అక్షరం మారలేదు. పద్దెనిమిదేళ్ళు అది ఎక్కడ తిరిగిందో, ఎన్ని ఫైళ్ళలో పడుకుందో! ఆఖరి వాక్యం చదివి ఆయన ఒక క్షణం ఆగాడు. "చూశారా, ఎంత బలం ఉందో ఈ వాక్యానికి" అన్నాడు. అందరూ గీత గీసుకున్నారు. ఇరవై కలాలు ఒకేసారి కాగితం మీద గీసిన చప్పుడు విన్నాను. నా వాక్యం కింద.

గట్టు మండలం నుంచి వచ్చిన సుజాత అనే అమ్మాయి చెయ్యెత్తి, నన్నే అడిగింది. "సార్, మా ఊర్ల ఒగాయన ఉన్నడు. దినాం సద్ది బుత్తి కట్టుకొని గుట్ట దిక్కు పోతడు, వట్టి చేతుల్తోని వస్తడు. ఎవలకో తెల్వదు. గిట్ల రాయొచ్చునా?"

అక్కడ చెప్పాలి. అప్పుడే చెప్పాలి. హాలంతా నా వైపు చూస్తోంది.

"ఆయన్ను అడిగి రాయమ్మా" అన్నాను.

ఆమె అది కూడా రాసుకుంది. అడగడమా? నేను అడగలేదా? ఈదయ్య చెప్పలేదా? పద్దెనిమిదేళ్ళ తరువాత కూడా నా నోటికి వచ్చింది అంతే. టీ తాగడానికి లేచారు.

నాలుగు రోజులు ఆ అమ్మాయి నంబరు చూస్తూ కూర్చున్నాను. ఐదో రోజు ఫోను చేసి మొత్తం చెప్పాను. ఎలా మొదలుపెట్టానో గుర్తు లేదు. అంతా విని ఆమె అంది. "ఫారం నిన్ననే ఇచ్చేసిన సార్. ఆయన గుట్టకాడ కుక్కలకు పెడ్తడంట. నాకు చెప్పిండు. మంచిగ లేదని ఆ కుక్కల ముచ్చట నేనే తీసేసిన."

నేను ఆమెకు అబద్ధం నేర్పలేదు. నా వాక్యం నేర్పింది.

మర్నాడు ఇద్దరం వనపర్తి పోయాం. ఫారం వెనక్కి ఎందుకివ్వాలని అడిగారు. ఆమె మాట్లాడబోతే ఆపి, నేనే చెప్పాను. ఈదయ్య పేరు, మల్లయ్య పేరు చెప్పాను. ముగ్గురు అధికారులు విన్నారు. ఒకాయన పుస్తకం తిరగేసి ఆ పేజీ చూసి మళ్ళీ నా ముఖం చూశాడు. సుజాత ఫారం వెనక్కి ఇచ్చారు. బయటికి వచ్చి ఆమె దాన్ని చింపింది. నా కథ మాత్రం వెనక్కి రాదట. అచ్చయి అప్పటికే చాలా చోట్లకు పోయిందట. చూస్తామన్నారు.

ఆదివారం పెంటకు పోయాను. బాలమ్మ గుడిసె ముందు చిల్లగింజలు ఏరుతోంది. ఎదురుగా కూర్చుని చెప్పాను. దొరికాడని చెప్పాను. ఎవరో చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. మంచివి చేటలోకి, పుచ్చినవి పక్కకు. నేను ముగించాక అడిగింది.

"ఆయన చెప్పిండు గద నీకు. అయ్యకని."

"చెప్పిండు."

"ఇన్నవు గద."

"ఇన్న."

"మా తమ్ముని పేరున్నదా ఆ కాయితంల?"

"లేదు."

"లేదు" అని తనూ అంది. చేట పక్కన పెట్టింది. నా ముఖంలోకి చూడలేదు. "నాకు చెప్తే ఏమొస్తది? ఆయన ఎవలకు పెట్టిండో నాకు ఎర్కే గద. తెల్వనోళ్ళకు చెప్పుపో. నువ్వు రాస్తేనే నమ్మిండ్రు గద అందరు. ఇంగ ఇటు రాకు."

లేచాను. పిలుస్తుందేమోనని కాదు గాని, నెమ్మదిగా నడిచాను. పిలవలేదు. క్షమించమని నేను అడగలేదు. అడిగే నోరు నాకు లేదు, ఇచ్చే మనిషి కూడా లేడు.

బస్సులో పక్కన ఒక ముసలాయన కూర్చున్నాడు. ఒళ్ళో కోడిపుంజు. "ఎవలింటికొచ్చినవ్ నాయినా?" అని అడిగాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా ఊఁ కొట్టలేదు. బండ దగ్గరనుంచి బోరు పడినదాకా చెప్పేసరికి తెలకపల్లి వచ్చింది. పుంజును చంకన పెట్టుకుని, నన్ను ఒకసారి చూసి దిగిపోయాడు.

ఆయన వినకుండా మిగిలిన సగంతో కలిపి, మొత్తం మీకు రాశాను.